మహారాజశ్రీ గ్యాస్ నొప్పి గారి సముఖమునకు

విశాఖపట్నం

అయ్యా, నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ తమరి పేరు వినబడిన ఇంట్లో అందరూ కుశలమేనన్న పూచీ లేదు కనుక ఆ మాట రాయడం లేదు.

ఈ ఊళ్ళో మీకున్న పలుకుబడి ఇంకెవరికీ లేదు. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకొచ్చిన పెద్దాయన ఛాతీ పట్టుకుని గట్టు మీద కూలబడితే, చుట్టూ చేరినవాళ్ళు నాడి కూడా చూడకుండా మీ పేరు చెప్పేస్తారు. "రాత్రి ఏం తిన్నారు సార్?" అని ఒక్క ప్రశ్న. పెళ్ళిభోజనం అన్నారా, కేసు తేలిపోయినట్టే. ఏమీ తినలేదంటే, తినకపోవడమే కారణం. తిన్నా మీరే, తినకపోయినా మీరే.

మీరు అబద్ధమని నేననను. నిజంగానే వస్తారు, చప్పుడు చేసుకుంటూ పోతారు. నా ఫిర్యాదల్లా మీ ఆధార్ కార్డు పెట్టుకుని తిరుగుతున్న ఇంకొకడి గురించి. వాడు రక్తం గడ్డ.

వాడు రాత్రి తిన్న బిర్యానీలోంచి పుట్టడు. గుండె కండరానికి రక్తం అందించే ధమనుల లోపలి పొరని బీపీ, షుగరు, పొగ ఏళ్ళ తరబడి పాడుచేస్తుంటాయి. (పొగ అంటే సిగరెట్టే కాదు. నిప్పు నోట్లో పెట్టుకుని మన ఉత్తరాంధ్ర అమ్మమ్మలు కాల్చే అడ్డచుట్ట కూడా పొగే.) ఆ పొరలోంచి చెడ్డ కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని శుభ్రం చేద్దామని వెళ్ళిన తెల్లకణాలు మింగి మింగి, ఉబ్బిపోయి అక్కడే ఉండిపోతాయి. ఆ కొవ్వు మీద పల్చటి మూత ఏర్పడుతుంది. ఇదంతా కుర్రతనంలోనే మొదలవుతుంది, చిన్న నొప్పి కూడా లేకుండా. ఎప్పుడో ఒకరోజు ఆ మూత చిట్లుతుంది. గాయమైంది కాబోలని రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పరుగున వచ్చి అతుక్కుంటాయి, ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు వాటిని బిగించేస్తాయి. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడేదీ ఇదే పని. కానీ మూడు నాలుగు మిల్లీమీటర్ల గొట్టంలో జరిగితే దారి మూసుకుపోతుంది. అసలు మోసం ఇంకోటుంది. ధమని సగం కూడా ఇరుకు కాని చోట సైతం మూత చిట్లవచ్చు. అంతకుముందు నడకలో ఆయాసం రానక్కర్లేదు. అందుకే "మొన్ననే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచొచ్చాడు, ఆయనకి గుండెపోటేంటి?" అన్న వాదన మన వీధుల్లో గెలుస్తూ ఉంటుంది.

రక్తం అందని గుండె కండరం అరగంట లోపే చావడం మొదలుపెడుతుంది. ఆ అరగంటలో మన ఇళ్ళలో జరిగే వైద్యం చూడండి. ముందు నిమ్మసోడా. ఒక త్రేన్పు. "చూశావా, తగ్గుతోంది!" తర్వాత వాము. తర్వాత వీపు రాయడం. తర్వాత గ్యాస్ మాత్ర, అది పనిచేయడానికి ఒక గంట గడువు. ఈలోగా హైదరాబాద్‌లో అబ్బాయికి వీడియో కాల్. అబ్బాయి ఎత్తకపోతే అమెరికాలో ఉన్న తోడల్లుడికి. ఇంతమందీ కలిసి తేల్చేది: పొద్దున్న చూద్దాం.

త్రేన్పు వచ్చి తేలికపడితే గుండె కాదని రుజువైపోదు. గుండె నుంచీ ఆహారనాళం నుంచీ నొప్పి కబురు మోసుకొచ్చే నరాలు వెన్నుపాములో ఇంచుమించు ఒకేచోట చేరతాయి. మెదడే తికమకపడుతుంది, ఇక తోడల్లుడెంత?

ఆడవాళ్ళ దగ్గర మీ అధికారం మరీ ఎక్కువ. ఆయాసం, వికారం, దవడ లాగడం, ఎన్నడూ లేని నీరసం, ఏది చెప్పినా "టైముకి తినవు, గ్యాస్ పట్టింది" అనే తీర్పు. షుగరున్నవాళ్ళకి నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు, ఒళ్ళంతా చల్లటి చెమట తప్ప. ఆ చెమటని విశాఖ ఉక్కపోత ఖాతాలో రాసేస్తారు.

మీ కార్డుతో వచ్చిందెవరో కనిపెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. గుండెలో పుట్టే విద్యుత్తుని కాగితం మీద గీసి చూపేది ఈసీజీ. డచ్చి శాస్త్రవేత్త ఐంతోవెన్ తయారుచేసిన తొలి ఈసీజీ యంత్రానికి ఒక గది చాలేది కాదు, దానికి 1924లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఇప్పుడది సంచిలో పడుతుంది. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వచ్చినవారికి 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. మొదటిది మామూలుగా ఉన్నా మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ కోసం రక్తం పరీక్షిస్తారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అది. రాత్రి తిన్న బజ్జీలతో దానికి చుట్టరికం లేదు.

పెద్ద ధమని పూర్తిగా మూసుకుపోయిందని తేలితే మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో తెరిచి, మళ్ళీ మూసుకోకుండా స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం పెడతారు. 1977లో జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు గుండె ధమనిలో తొలిసారి బెలూన్ ఊదినప్పుడు స్టెంట్లు ఇంకా రాలేదు. ఆ సదుపాయం దూరమైన ఏజెన్సీ ఊళ్ళవాళ్ళకి గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ లాంటి ఇంజక్షన్ ఉంది. 12 గంటల లోపు ఇవ్వాలి, అదీ మొదటి గంటల్లో పనిచేసినట్టు ఆ తర్వాత పనిచేయదు. గడ్డ గట్టిపడిపోతుంది. మరి మీ భక్తులు ఎమర్జెన్సీ వార్డు గుమ్మంలో అడిగేదేమిటి? "ముందు గ్యాస్‌కి ఒక ఇంజక్షన్ వేసి చూడండి డాక్టర్ గారూ."

ఇంకా ఒకటి అడుగుతారు. "స్టెంట్ వేస్తే జీవితాంతం మందులు మింగాలట కదా?" ఇరవై ఏళ్ళుగా పరగడుపున గ్యాస్ మాత్ర తప్పనివాళ్ళే ఈ మాట అడగడం నాకు ముచ్చటేస్తుంది. అడిగి ఊరుకోరు, బాగానే ఉంది కదా అని నాలుగు నెలలకే రక్తం పలచబరిచే మాత్రలు మానేస్తారు. అప్పుడు స్టెంట్‌లోనే గడ్డ కడుతుంది, మళ్ళీ మీ పేరు మీదే.

కనుక నా మనవి ఇంతే. ఛాతీ నడుమ బరువు, చెయ్యో దవడో లాగడం, చల్లచెమట, ఇవి కనబడినప్పుడు 108 వచ్చి ఈసీజీ తీసేదాకా మీ కార్డు ఎవరికీ అరువివ్వకండి. కాగితం బాగుంటే నిమ్మసోడా నేనే కొనిపెడతాను.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ వాసి

తా.క.: మోకాలి కింద కాపురముండే మీ చుట్టం "నరం పట్టేసింది" గారి చిరునామా పంపించండి. ఆపరేషనయ్యి మంచం మీదున్న మనిషికి ఒక్క కాలే వాచి వేడెక్కితే, సిరలో గడ్డేమోనని రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ తీయించాల్సింది పోయి నూనె రాసి మర్దనా చేయిస్తున్నారట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకి చేరితే ఏమవుతుందో ఆయనకి చెప్పాలి. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే వదిలేసే నొప్పి కాలి ధమనులదని తెలిసీ దాన్ని వయసు మీద తోసేస్తున్నారని కూడా విన్నాను. ఆయన ఫైలు ఇంకా లావుగా ఉంది.