హైడ్రోజన్ కారు నీళ్లతో నడవదు

వారం రోజులుగా మా చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. క్లుప్తంగా ఇదీ అందులో ఉన్నది: "గడ్కరీ గారు పార్లమెంటుకు వచ్చిన కారు నీళ్లతో నడుస్తుంది. కిలోమీటరుకు రెండు రూపాయలే. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. పొల్యూషన్ సున్నా. పూడిమడక ప్లాంటు మొదలైతే మన ప్రతి పెట్రోలు బంకులో హైడ్రోజన్ పోస్తారు. అందాకా ఆగండి, కరెంటు కారు కొని మోసపోకండి. ఆయిల్ కంపెనీలు ఈ నిజాన్ని తొక్కేస్తున్నాయి."

మాది అనకాపల్లి. పూడిమడక మా జిల్లాలోదే కాబట్టి ఈ మెసేజ్ మావాళ్లకు మరీ నిజంలా అనిపిస్తోంది. బుక్ చేసిన కరెంటు కారు క్యాన్సిల్ చేసేయమంటారా అని మా వదిన తమ్ముడు నిన్న రాత్రి ఫోన్ చేశాడు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"నీళ్లతో నడుస్తుంది."

నడవదు. 2022 మార్చి 30న గడ్కరీ గారు పార్లమెంటుకు వచ్చింది టయోటా మిరాయ్‌లో. అందులో నీళ్లు పోయరు, అందులోంచి నీళ్లు బయటికి వస్తాయి. ట్యాంకుల్లో ఉండేది సుమారు 5.6 కిలోల హైడ్రోజన్. అది ఫ్యూయల్ సెల్‌లో గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. చివరికి మిగిలేది నీరు. కట్టె కాలాక మిగిలే బూడిద ఎలాంటిదో ఇక్కడ నీరు అలాంటిది. బూడిదను మళ్లీ పొయ్యిలో పెడితే మండదు కదా! నీటిలోంచి హైడ్రోజన్‌ను మళ్లీ విడదీయాలంటే, దాన్నుంచి తిరిగి వచ్చేదానికన్నా ఎక్కువ కరెంటు ఖర్చు పెట్టాలి.

ఈ "నీళ్ల కారు" మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కారణం ఉంది. ఆరేళ్ల కిందట మా బాబాయి తన పాత డీజిల్ కారుకు పద్దెనిమిది వేలు పోసి "వాటర్ కిట్" పెట్టించాడు. బానెట్ ఎత్తి చూశాను. ఊరగాయ జాడీ అంత ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు స్టీలు పలకలు, వంటసోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ నుంచి రెండు వైర్లు, మూత నుంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి ఒక సన్నటి పైపు. బుడగలు వచ్చిన మాట నిజమే. ఆ బుడగలకు కరెంటు ఇచ్చింది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పింది డీజిలే. మైలేజీ వీసమెత్తు పెరగలేదు. నెలన్నరకు నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి. అప్పటికే అమ్మినవాడి ఫోను స్విచాఫ్. బాబాయి ఇప్పటికీ ఆ ఊసు ఎత్తనివ్వడు. అమెరికాలో ఇలాగే నీళ్లతో బండి నడుపుతానన్న స్టాన్లీ మేయర్ చేసింది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చింది, పెట్టుబడి పెట్టినవాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి ఇమ్మంది.

"కిలోమీటరుకు రెండు రూపాయలే."

లెక్క వేద్దాం. 5.6 కిలోలకు 600 కిలోమీటర్లు వస్తుందనుకుంటే కిలోకు 107 కిలోమీటర్లు. రెండు రూపాయల లెక్క నిలవాలంటే కిలో హైడ్రోజన్ 215 రూపాయలకు దొరకాలి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ నాలుగు రూపాయలకు దొరికినా ఆ 215 అక్కడికే సరి. మరి ప్లాంటు, కంప్రెసర్, లారీ, బంకు, జీతాలు? 2025లో పానిపట్ రిఫైనరీకి గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలిమరల కరెంటు లాంటి వాటితో తీసేది) కోసం ఇండియన్ ఆయిల్ పిలిచిన టెండరులో తేలిన ధర కిలో 397 రూపాయలు. అది కూడా రిఫైనరీకి అందించే ధరే, కారులో నింపే ధర కాదు. అవే 55 యూనిట్లు కరెంటు కారు బ్యాటరీలో నింపితే 300 కిలోమీటర్ల పైనే తిరగొచ్చు.

"ఐదు నిమిషాల్లో నిండుతుంది, ప్రతి బంకులో పోస్తారు."

ఐదు నిమిషాల మాట నిజం. కానీ ఆ ఐదు నిమిషాల వెనక ఎంత సరంజామా ఉందో చూడండి. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) పైచిలుకు. సీఎన్‌జీ 200 బార్లు. మిరాయ్ ట్యాంకులో హైడ్రోజన్ 700 బార్లు. అంత ఒత్తిడితో గ్యాస్‌ను గబగబా ఎక్కిస్తే ట్యాంకు వేడెక్కిపోతుంది, అందుకని ముందుగా మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి పంపాలి. అంటే బంకులో పెద్ద కంప్రెసర్, గట్టి సిలిండర్లు, చిల్లర్ అన్నీ ఉండాలి, ఏ ఒక్కటి మొరాయించినా పంపు ఆగిపోతుంది. గాలిలోని తేమ గడ్డకట్టి నాజిల్ కారుకే అతుక్కుపోవడం కాలిఫోర్నియా డ్రైవర్లకు బాగా తెలిసిన బాధ.

ఇక బంకుకు హైడ్రోజన్ చేర్చడం. 200 బార్ల స్టీలు సిలిండర్లతో వచ్చే భారీ లారీ మోసేది సుమారు 300 కిలోలు. యాభై కార్లకు సరిపోతుంది. 20,000 లీటర్ల పెట్రోలు ట్యాంకరు, కారుకు 40 లీటర్ల చొప్పున, 500 కార్లకు పోస్తుంది. ఒక ట్యాంకరు చేసే పనికి పది లారీలు కావాలి. పెట్రోలు బంకులో ఒక మూల పంపు పెట్టేస్తే అయిపోయే పని కాదిది.

కాలిఫోర్నియా 2013లోనే చట్టం చేసింది: వంద స్టేషన్లు వచ్చేదాకా ఏటా 2 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని. పదేళ్లు దాటినా వంద రాలేదు. 2019 జూన్‌లో శాంటా క్లారాలో హైడ్రోజన్ ప్లాంటు పేలితే, మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉన్న బే ఏరియాలో బంకులు ఎండిపోయాయి. 2024లో ఆయిల్ కంపెనీ షెల్ కాలిఫోర్నియాలో తన కార్ల హైడ్రోజన్ స్టేషన్లన్నీ మూసేసింది. కిలో ధర 36 డాలర్లకు చేరింది, అంటే ఫుల్ ట్యాంకుకు 200 డాలర్లు. టయోటా 15,000 డాలర్ల ఫ్యూయల్ కార్డు ఇచ్చి కార్లు అమ్మింది, ఆ కార్డు అయిపోయినవాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. జపాన్ 2020కల్లా 40,000 కార్లు అనుకుంది, అందులో ఐదో వంతు కూడా రోడ్డెక్కలేదు. బంకు లేదని కారు కొనరు, కారు లేదని బంకు కట్టరు. డబ్బున్న దేశాలకే ఈ చిక్కుముడి విడలేదు.

పూడిమడక సంగతి. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ హబ్ చిన్నదేమీ కాదు: 1.85 లక్షల కోట్ల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కానీ అది ప్రధానంగా ఎగుమతి కోసం, మిథనాల్, యూరియా, విమాన ఇంధనం లాంటివి చేసి పంపడానికి. మన కార్ల కోసం కాదు. రోడ్డు మీదికి వచ్చేది వేరే ఉంది. 2025 మార్చిలో కేంద్రం ఐదు హైడ్రోజన్ పైలట్ (ప్రయోగాత్మక) ప్రాజెక్టులకు 208 కోట్లు మంజూరు చేసింది. దేశమంతా కలిపి 37 బస్సులు, లారీలు, 9 బంకులు. వాటి రూట్లలో ఒకటి మన విశాఖపట్నం–బయ్యవరం. ఒక్క కారు కూడా లేదు, నా దృష్టిలో అదే సరైన పద్ధతి. రోజూ ఒకే రూటులో తిరిగి ఒకే చోటికి వచ్చే భారీ బండ్లకు ఒక్క బంకు చాలు. దీని మీద నాకు నిజంగా ఆశ ఉంది.

"పొల్యూషన్ సున్నా." కారు వెనక సున్నాయే. కానీ ప్రపంచంలో నేడు తయారయ్యే హైడ్రోజన్‌లో దాదాపు మొత్తం సహజవాయువు, బొగ్గు లాంటి వాటి నుంచే వస్తోంది. సహజవాయువు నుంచి తీస్తే కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. గ్రీన్ అనాలంటే రెండు కిలోలు మించకూడదని మన ప్రభుత్వం 2023లో ప్రమాణం పెట్టింది.

"ఆయిల్ కంపెనీలు తొక్కేస్తున్నాయి." పైన చెప్పిన పైలట్ ప్రాజెక్టుల్లో ఇండియన్ ఆయిల్, హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్, రిలయన్స్ లాంటి ఆయిల్ కంపెనీలూ ఉన్నాయి, ఇంక తొక్కేసేది ఎక్కడ?

మా వదిన తమ్ముడు రోజూ అనకాపల్లి నుంచి గాజువాక వెళ్లి వస్తాడు. రానూపోనూ యాభై కిలోమీటర్లు మించదు. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటే చాలు. బుకింగ్ అలాగే ఉంచమన్నాను.