సవరణ: చిట్టెలుకల కొవ్వు మేత, గుండె

కొవ్వు ఎక్కువున్న మేత తిన్న చిట్టెలుకల గుండె గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది చిన్నది. మేతలో 60 శాతం కొవ్వే అన్నాను. ఆ 60 శాతం క్యాలరీల లెక్క, బరువు లెక్క కాదు. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, పిండిపదార్థానికి 4 కాబట్టి, బరువులో చూస్తే కొవ్వు సుమారు 35 శాతమే.

రెండోదే అసలు పొరపాటు. ఆ మేతతో రక్తనాళాలు పూడుకుపోతాయని రాసేశాను. మామూలు చిట్టెలుకల్లో అలా జరగడం అరుదు. వాటి రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం ‘మంచి కొలెస్ట్రాల్’ అనే హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది. దాన్ని ‘చెడ్డ కొలెస్ట్రాల్’ అనే ఎల్‌డీఎల్ వైపు మళ్లించే సీఈటీపీ అనే ప్రోటీన్ వాటికి లేదు. నేను చెప్పిన పూడికలు, రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను తొలగించడానికి తోడ్పడే ఏపీఓఈ అనే జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో కనిపించేవి. రెండింటినీ కలిపేశాను, పూర్తిగా నా అజాగ్రత్తే.

అలాగని మామూలు చిట్టెలుకల గుండెకు ఏమీ కాదని కాదు. నెలల తరబడి తింటే ఒళ్లు పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. చాలా ప్రయోగాల్లో గుండె కండరం మందమై, కొట్టుకునే మధ్యలో సరిగా వదులు కాకపోవడం కనిపించింది. పాత పోస్టులో ‘పూడిక’ అన్న పేరా తీసేశాను.