అరటి నారతో కట్టిన మాల

గుడికి ఇంట్లోనే మాలలు కట్టేవాళ్లు తగ్గిపోతున్నారని ఒకరు రాశారు. చదివి మనసు చివుక్కుమంది. మాది బెంగళూరు, మల్లేశ్వరం. మా అత్తయ్య ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం వీధి చివర గుడికి మాల కడుతున్నారు. పూలు కె.ఆర్. మార్కెట్‌వి. అరటి నార తడిపి, రెండు మల్లెమొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి ముడి వేస్తారు. మరీ బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పూలు జారిపోతాయి. మధ్యమధ్యలో మరువం. కట్టేంతసేపూ మాట్లాడరు, మమ్మల్ని వాసన కూడా చూడనివ్వరు. ఆండాళ్, అదే మన గోదాదేవి, తాను ముడుచుకున్న మాలే స్వామికి ఇచ్చింది కదా అని ఒకసారి అడిగాను. "ఆవిడ ఆండాళ్, మనం కాదమ్మా" అన్నారు. తమిళనాడులోని ఆండాళ్ ఊరు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆ తల్లి మాల ఇప్పటికీ తిరుమల బ్రహ్మోత్సవాల గరుడసేవకు వస్తుంది. నేనూ ఈమధ్యే నేర్చుకుంటున్నాను. మూర కట్టడానికి గంట పడుతోంది.