నాయకుడు కావలెను, సంతకాలు మాత్రం అడగరాదు

మా మిల్లు మేనేజర్‌గారి ముందుచూపు గురించి రాయకపోతే పాపం తగులుతుంది. గుంటూరు శివార్లలోని ఓ స్పిన్నింగ్ మిల్లులో (పేరు చెప్పను, నాకింకా రెండు నెలల జీతం రావాలి) క్వాలిటీ సెక్షన్‌లో ఆరేళ్లు చేశాను. ఆ ఆరేళ్లలో సూపర్‌వైజర్లకి నాయకత్వం లేదని ఆయన మూడుసార్లు కనిపెట్టారు, మూడుసార్లూ మే నెలలోనే. మేలో గుంటూరు ఎండ గురించి చెప్పేదేముంది, షెడ్డులో తేమ ఇచ్చే ప్లాంటు మోటారు సరిగ్గా అప్పుడే కాలుతుంది, గాలి ఎండిపోయి దారం మాటిమాటికీ తెగుతుంది. కానీ తేమ లేక తెగిందంటే నమ్మేంత అమాయకులు కారు మేనేజర్‌గారు. నాయకత్వం లేక తెగింది.

అసలు మా దగ్గర సూపర్‌వైజర్ ఎలా పుడతాడంటే, రింగ్ ఫ్రేమ్ (దారం వడికే యంత్రం) మీద తెగిన పోగుని అందరికన్నా వేగంగా అతికేవాడెవడో వెతికి పట్టుకుని, వాణ్ణి ఆ పని మాన్పించి చేతికో రిజిస్టర్ ఇస్తారు. అంతే. నిన్నటిదాకా పక్కన నిలబడి పనిచేసినవాళ్లు ఇవాళ్టి నుంచి సార్ అనాలి. ఎవరూ అనరు. మా రింగ్ ఫ్రేమ్ సూపర్‌వైజర్‌ని షెడ్డంతా బాబాయ్ అనే అంటుంది, నేనూ అంతే.

అలా కనిపెట్టిన ఓ ఏడాది, సూపర్‌వైజర్లకి నాయకత్వ శిక్షణ విజయవాడ బందరు రోడ్డులో, ఏసీ హోటల్లో. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లని దిగినట్టే బస్సెక్కించారు, దూది తలల మీదే ఉంది. కోటు వేసుకున్న ట్రైనర్, మాస్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1943లో చెప్పిన మనిషి అవసరాలన్నిటినీ పిరమిడ్‌గా గీసి, తిండీ నిద్రా అట్టడుగున ఉంటాయని వివరిస్తున్నాడు. అప్పటికే మావాళ్లలో సగంమంది ఆ అట్టడుగు మెట్టు మీద గురక పెడుతున్నారు. మిగతా సగం చేత మధ్యాహ్నం స్ట్రాలతో గోపురం కట్టించారు. బాబాయ్ గోపురమే ఎత్తుగా వచ్చింది, "ఓనర్‌షిప్ అంటే ఇదీ" అని ట్రైనర్ చప్పట్లు కొట్టించాడు.

మర్నాడే ఆ ఓనర్‌షిప్‌కి పరీక్ష వచ్చింది. ఒక ఫ్రేమ్‌కి కదుళ్లని తిప్పే టేపు తెగింది. ఒక్క టేపు తెగితే నాలుగు కదుళ్లు ఆగుతాయి. బాబాయ్ నాయకుడి నడకతో స్టోర్స్‌కి వెళ్లాడు.

"ఇండెంట్ కాగితం ఏది బాబాయ్?"

"నిన్న నాకు నాయకత్వం ఇచ్చారు కదయ్యా."

"దానికి స్టాక్ రిజిస్టర్లో కాలమ్ లేదు బాబాయ్. టేపుకైతే మూడు సంతకాలు కావాలి, జీఎంగారు హైదరాబాద్ వెళ్లారు."

అమెరికావాళ్లకి ఈ మర్మం తెలియదు పాపం. 1940లో యుద్ధం పనులకి ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లని తయారుచెయ్యాల్సి వచ్చి, టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అని ఒక పథకం పెట్టారు. రోజుకి రెండు గంటల చొప్పున ఐదు రోజులు, చివరికి జేబులో పెట్టుకునే ఓ కార్డు. పని నేర్పడానికి నాలుగే మెట్లు: ముందు మనిషిని కుదుటపరచు, చేసి చూపించు, వాడిచేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు. పిరమిడ్ లేదు, స్ట్రాలు లేవు, ఎంత చవకబారు వ్యవహారమో చూడండి. దీన్ని తర్వాత టయోటావాళ్లు పట్టుకెళ్లి వాడుకున్నారట, వాళ్ల ఖర్మ. పైగా అందులో ఓ ప్రమాదకరమైన మాట కూడా ఉంది: పనివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదన్నమాట. మా మిల్లులో ఈ మాట పైకి అంటే హెచ్ఆర్ కళ్లు తిరిగి పడిపోతుంది, ఎందుకంటే మా దగ్గర నేర్చుకోనివాడికి బుర్ర లేదు అని ఎప్పుడో తీర్మానించేశాం.

ఆ కార్డు బాబాయ్ చూసి ఉండడు. అయినా తెలుగు ముక్క రాని ఒడిశా కుర్రాడి వేళ్లు తన వేళ్లతో పట్టుకుని, ఫ్రేమ్ హోరులో ఒక్క మాట మాట్లాడకుండా, వారంలో పోగు అతకడం నేర్పాడు. నేను పక్కనే ఉండి చూశాను. ఆ కుర్రాడు ఇప్పుడు ఫ్రేమ్ సైడ్లు రెండు ఒంటిచేత్తో చూసుకుంటాడు.

శిక్షణ రిపోర్టులో బాబాయ్ పేరు ఎదురుగా కమ్యూనికేషన్ వీక్ అని రాశారు. తన గురించి ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాడట.

మళ్లీ మే వచ్చింది. మోటారు మళ్లీ కాలింది. ఈసారి మేనేజర్‌గారు లోతుగా ఆలోచించి, లోపం నాయకత్వంలో కాదు, ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌లో ఉందని తేల్చారు. రేపు పొద్దున్నే బస్సు. బాబాయ్ అప్పుడే డ్రైవర్‌తో మాట్లాడి కిటికీ పక్క సీటు ఆపించుకున్నాడు, తల ఆనించడానికి వీలుగా ఉంటుందని.