టెస్ట్ డోస్ చాటున మరుగునపడ్డ జాగ్రత్తలు

జ్వరంతో నీరసించిపోయిన మనిషిని చిన్న ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాక, నర్సు ముందుగా ముంజేతి చర్మంలోకి సన్నటి సూదితో ‘టెస్ట్ డోస్’గా చుక్క మందు ఎక్కించి, దాని చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి వెళుతుంది. పావుగంట తర్వాత వచ్చి చూసి, దద్దురు లేకపోతే ‘మందు పడింది’ అంటుంది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన ఇంటివాళ్లు తేలికపడతారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ విషయంలో ‘జాగ్రత్త’ అన్న మాట చాలాచోట్ల ఆ సున్నా దగ్గరే ఆగిపోతోంది. నా ఆందోళన అంతా దాని గురించే.

ఈ మందు విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1980ల తొలినాళ్లలో వైద్యంలోకి వచ్చిన, సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలోని ఈ మూడోతరం మందు న్యుమోనియాలో, టైఫాయిడ్‌లో, రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్లలో లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టింది. శరీరంలో దీని మోతాదు సగానికి తగ్గడానికి సుమారు 6 నుంచి 9 గంటలు పడుతుంది కాబట్టి చాలా జబ్బులకు రోజుకు ఒక్క ఇంజెక్షన్ సరిపోతుంది. మెదడు పొరల వాపు వంటి ప్రమాదకర స్థితిలో మాత్రం పెద్దవాళ్లకు 12 గంటలకోసారి 2 గ్రాములు ఇస్తారు. రోజుకు ఒకసారి చాలన్న ఆ సౌలభ్యమే దీన్ని ఊరూరా తిరిగే వైద్యుల సంచుల్లోకి కూడా చేర్చింది.

సెఫలోస్పోరిన్‌లకు ప్రామాణికమైన చర్మ పరీక్ష ద్రవం లేదు. వయల్‌లోని పొడినే కలిపి చర్మంలోకి ఎక్కించినప్పుడు, గాఢత ఎక్కువైతే అలర్జీ లేనివారికీ ఎర్రబడుతుంది, దాంతో వారికి అవసరమైన మందు అందకుండా పోతుంది. ఎర్రబడనంత మాత్రాన పూర్తి మోతాదు వికటించదన్న హామీ కూడా లేదు. అందుకే చైనాలో 2021లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు సెఫలోస్పోరిన్‌లకు ముందు అందరికీ ఈ పరీక్ష చేయనక్కర్లేదన్నాయి. దానికన్నా మేలైన పరీక్ష ఒక ప్రశ్న: ‘ఇంతకుముందు ఏ మందైనా వికటించిందా, అప్పుడేమైంది?’ దీనికి మన రోగులు చెప్పే జవాబు తరచూ ‘ఏదో సూది పడలేదండీ’ అనే ఉంటుంది. ఆ మందు పేరును అప్పుడే చీటీ మీద రాసిచ్చి, దాచుకోమని చెప్పి ఉంటే ఆ జవాబు మరోలా ఉండేది.

ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ సాధారణంగా మందు ఎక్కిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, బీపీ పడిపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అప్పుడు చాలామంది చెయ్యి ముందుగా ఎవిల్ అనే అలర్జీ మందు, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ వైపే వెళుతుంది. అవి తర్వాత ఇవ్వదగ్గవే గానీ మూసుకుపోతున్న ఊపిరిని తెరిచే మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకు 1 మిల్లీలీటరు ఆంపూల్‌లో సగం, అంటే 0.5 మిల్లీగ్రాములు, తొడ మధ్యభాగంలో బయటివైపు కండకు వేయాలి, 5 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ వేయాలి. ధర చాలా తక్కువైన ఈ ఆంపూల్ చేతికందేంత దూరంలో లేని చోట సెఫ్ట్రియాక్సోన్ వయల్ మూత తీయకూడదన్నది నా అభిప్రాయం. ఇంజెక్షన్ అయ్యాక కనీసం అరగంట రోగిని కూర్చోబెట్టడం కూడా ఇందులో భాగమే.

ఇక సీసా సంగతి. నీరసంగా ఉన్నవారికి ఎక్కించే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ సీసాలో క్యాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ దానితో కలిస్తే గడ్డకట్టి, కరగని రేణువులుగా మారుతుంది. నెలలోపు పసికందుల్లో ఇలాంటి రేణువులు ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో పేరుకుని మరణాలు సంభవించాకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసింది. పుట్టిన 28 రోజుల లోపు బిడ్డకు నరం ద్వారా క్యాల్షియం ఇస్తుంటే ఈ మందు అసలు పనికిరాదు. కామెర్లున్న పసిబిడ్డలకూ నిషిద్ధమే, ఎందుకంటే రక్తంలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకున్న బిలిరుబిన్‌ను (కామెర్లకు కారణమైన పసుపు పదార్థాన్ని) ఇది విడదీసి మెదడుకు చేరనిస్తుంది. పెద్దవాళ్లకైనా రెండూ ఒకేసారి ఒకే గొట్టంలో పోకూడదు, మధ్యలో నార్మల్ సెలైన్‌తో గొట్టాన్ని కడగాలి. కండకు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్‌తో కలిపిన మందును పొరపాటున కూడా నరానికి ఎక్కించకూడదు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, అవసరమే లేని ఇంజెక్షన్ సురక్షితం కాదు. మన దగ్గర టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష ఒక్కసారి పాజిటివ్ రాగానే ‘టైఫాయిడ్, 5 రోజులు సూదులు’ అని తేల్చేయడం మామూలైపోయింది. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. డెంగీ వైరస్‌కు ఈ మందుతో పనిలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కనిపించే, పురుగు కాటుతో సోకే స్క్రబ్ టైఫస్ జ్వరానికి కారణం బ్యాక్టీరియానే అయినా దాని మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, చవకైన డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. చంకలోనో నడుము దగ్గరో పురుగు కుట్టిన చోట బీడీతో కాల్చినట్టుండే నల్లటి పుండును వెతకకుండా రోజుకో గ్రాము చొప్పున ఎక్కిస్తూ పోతే, ఈలోగా జబ్బు ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు పాకుతుంది.

నిజంగా టైఫాయిడే అయినా, సరైన మందు పడుతుండగా కూడా జ్వరం దిగడానికి 4, 5 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మూడోరోజుకే మందు మార్చమని పట్టుబట్టడం, జ్వరం దిగిన మర్నాడే సూది గొట్టం తీయించుకుని ఇంటికి వెళ్లిపోవడం రెండూ నష్టమే. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో తెలంగాణ రాజధాని పేరే ఉన్న హైదరాబాద్ నగరంలో 2016 చివర్లో బయటపడిన టైఫాయిడ్ క్రిమి సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగలేదు. అక్కడి వైద్యులకు ప్రధానంగా అజిత్రోమైసిన్, కార్బపెనెమ్‌లు అనే వేరే యాంటీబయాటిక్‌లే దిక్కయ్యాయి.

2014 మార్చి 1 నుంచి మన దేశంలో ఈ మందు షెడ్యూల్ హెచ్‌1 కింద, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది. డాక్టరు, రోగి పేర్లు రాసుకుని ఆ రిజిస్టరును మందుల షాపు 3 ఏళ్లు దాచాలి. అది అమ్మకానికి కాపలా మాత్రమే. తొలి మోతాదుకు ముందు తీసిన రక్తాన్ని కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపే ఏర్పాటు మండల స్థాయి ఆస్పత్రిలో ఉండాలి. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి ప్రాణం మీదికి వచ్చే స్థితి) వంటి అత్యవసరాల్లో ఫలితం కోసం ఆగనక్కర్లేదు, రక్తం తీసి వెంటనే మందు మొదలుపెట్టవచ్చు. రెండు మూడు రోజుల్లో ఫలితం వచ్చాక అదే మందు కొనసాగించాలో, మార్చాలో, ఆపేయాలో డాక్టరు నిర్ణయించగలుగుతారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందుగా చేయవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కల్చర్ సీసాలు అందించి, వాటిని అదే రోజు జిల్లా ల్యాబ్‌కు చేర్చే బండి ఏర్పాటు చేయడం.