పంచాంగానికి ఆరో అంగం

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతో మన పెద్దలు కాలాన్ని కొలిచారన్న సంగతి అందరికీ తెలిసిందే. అయితే ఆ అయిదింటినీ కంఠస్థం చేసుకొని మేడ ఎక్కిన గృహస్థుకు, తన బకెట్టులో పిండి పెట్టిన పద్దెనిమిది బట్టలు సాయంత్రానికి ఆరతాయో ఆరవో తెలుసుకునే దారి లేకపోవడం మన శాస్త్రంలో ఇన్ని శతాబ్దాలుగా పూడకుండా మిగిలిపోయిన పెద్ద గొయ్యి అని నా దృఢమైన అభిప్రాయం. దానిని పూడ్చవలసిన ఆరో అంగానికి మన భాష పేరు కూడా ముందే పెట్టి ఉంచింది. ఆరు అంటే అయిదు తరువాతి అంకె. ఆరు అంటే తడి పోవడం. ఇంత స్పష్టమైన సూచన కళ్ళెదుట ఉన్నా పంచాంగకర్తలు పట్టించుకోకపోవడానికి నాకు ఒక్కటే కారణం తోస్తున్నది: వారి ఇళ్ళలో బట్టలు ఆరేసేది వారు కారు.

నేను బాపట్ల నుంచి వచ్చి చెన్నైలోని పశ్చిమ మాంబళంలో స్థిరపడి ఇరవై రెండేళ్ళయింది. ప్రతి ఉగాదికీ ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం ఒకచోట చేరి పచ్చడి తిని పంచాంగ శ్రవణం వింటాము. ఆ ఏటి రాజెవరో, మంత్రెవరో, మేఘాధిపతి ఎవరో సిద్ధాంతిగారు చెబుతారు. కురవబోయే వానలో సముద్రం మీద ఎన్ని పాళ్ళో, కొండల మీద ఎన్ని పాళ్ళో, నేల మీద ఎన్ని పాళ్ళో కూడా లెక్కగట్టి చదువుతారు. మూడంతస్తుల ఇంటి పైకప్పు మీద ఎన్ని పాళ్ళో మాత్రం ఒక్క ఏడూ చదవలేదు. అది సముద్రం కాదు, కొండ కాదు, నేల అసలే కాదు. నా రాశికి రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చెప్పేటప్పుడు కూడా, ఆ అవమానంలో అధికభాగం ఆరీ ఆరని చొక్కాతో ఆఫీసుకు వెళ్ళడం వల్ల సంప్రాప్తించేదేనన్న వివరణ వారి నోట రాదు.

పోనీ ఆధునిక శాస్త్రాన్ని ఆశ్రయిద్దామంటే అక్కడా నాకు న్యాయం జరగలేదు. ఆకాశాన్ని గమనించే సంప్రదాయం ఈ నగరానికి కొత్త కాదు. నుంగంబాక్కంలో వేధశాల 1792లోనే వెలసింది. నేటికీ నుంగంబాక్కంలో ఒకటి, మీనంబాక్కంలో ఒకటి, రెండు కేంద్రాలు రోజూ ఎండనూ తేమనూ వాననూ నమోదు చేస్తాయి, వాటి అంకెలు ఒకదానితో ఒకటి కలవని రోజులే ఎక్కువ. మా దండెం ఆ రెంటికీ నడుమ ఉన్నది గనుక ఒకనాడు సగటు తీసి బట్టలు ఆరేశాను. సగటుకు తగినట్లే పంచె సగం ఆరింది.

ఇక ఋతువుల మాట. వైశాఖం వసంతమనీ, అప్పుడు కోయిలలు కూస్తాయనీ కావ్యాలు చదివినవారు చెబుతారు. చెన్నైలో ఆ కోయిల గొంతు తడుపుకోవడానికి కుళాయి వెతుక్కుంటుంది. మే నెల మొదటివారంలో మొదలై సుమారు పాతిక రోజులు నడిచే అగ్ని నక్షత్రాన్ని ఇక్కడివారు కత్తిరి అంటారు. మనవైపు రోళ్ళు పగిలే రోహిణి కార్తె దాని చివర వచ్చి కలుస్తుంది. 2003 మే నెలాఖరున ఇక్కడ 45 డిగ్రీలు నమోదైంది. అంతటి వేడిలో బట్ట ఆరడానికి అడ్డేముంటుందని పై ఊళ్ళవారు అడుగుతారు. వారికి తెలియనిది ఏమిటంటే, గుడ్డ ఆరడానికి వేడి ఒక్కటే చాలదు, గాలికి దాహం కూడా ఉండాలి. పొద్దున పడమటి నుంచి వీచే పొడిగాలికి ఆ దాహం ఉంటుంది. మధ్యాహ్నానికి నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేవగా, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. మెరీనాలో కూర్చున్నవారు ఆహా అని దాని మీద పద్యాలు అల్లుకోవచ్చు గాని, ఆ గాలి బంగాళాఖాతంలో కడుపునిండా తాగి వచ్చినది; మా తువ్వాలులోని నీటిచుక్కను ముట్టుకోవడానికి దానికి ఇక ఓపిక ఉండదు. పైగా వస్తూ ఉప్పు తెస్తుంది. ఆ ఉప్పుకు ఇనుప తీగ తుప్పుపట్టి, మా తండ్రిగారు నాకు పెట్టిన అయిదు జతల పంచెలకూ నడిమధ్యన నేతగాడు వేయని కాషాయపు చార వేసింది. సన్యాసానికి ఆ మాత్రం చాలునని మా ఆవిడ అన్నది.

వేసవిలోనే వడియాల సమస్య కూడా తలెత్తుతుంది. బట్టలు ఆరతాయి, వడియాలు ఎండుతాయి. ఈ రెండు క్రియలనూ తెలుగు ఎంతో జాగ్రత్తగా వేరుచేసి పెట్టింది గాని, మేడ మాత్రం ఒక్కటే. కింది వాటా మామి పాత చీర పరిచి వడియాలు పెట్టిన చోటికి సరిగ్గా ఎగువన మా దుప్పటి ఉండడం, అది నీళ్ళు కార్చడం, ఆ నీళ్ళలో సబ్బు ఉండడం అనే మూడు గ్రహాల కూటమి ఏటా ఒక్కసారైనా సంభవిస్తుంది. దాని ఫలితం ఇరుగుపొరుగు వైరమని చెప్పడానికి సిద్ధాంతి అవసరం లేదు.

ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళుల సామెత. సన్నికల్లు ఎగరగా నేను చూడలేదు గాని, ఆషాఢంలో కొత్తకోడళ్ళు పుట్టింటికి వెళ్ళినట్లు మా ఇంటి రవికెలు మూడో ఇంటికి వెళ్ళడం చూశాను. క్లిప్పు కనిపెట్టిన మహానుభావుడికి ఈ నగరంలో ఒక విగ్రహమైనా లేకపోవడం విచారకరం.

అసలు కథ శరత్తులో మొదలవుతుంది. శరత్తు అంటే తెల్లమబ్బులు, నిండు వెన్నెల, తేరుకున్న నదులు అని మన కవులు ఏకగ్రీవంగా తీర్మానించారు. వారు నైరుతి ఋతుపవనాలు తడిపిన ఊళ్ళవారు. ఆ నైరుతి వాన పడమటి కనుమలు దాటేసరికి చాలావరకు ఖాళీ చేతులతో వస్తుంది గనుక, చెన్నైకి ఏడాదిలో పడే సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి మించినది అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్యం నుంచి దిగుతుంది. అంటే ఆశ్వయుజ కార్తికాల్లో, దీపావళికి కొత్తబట్టలు కట్టి పాతవి తడిపే రోజుల్లోనే. తమిళులు ఐప్పసి నెలలో ఎడతెగని వాన అని సామెతలోనే ఒప్పుకున్నారు. మనము ఇంకా వెన్నెల పద్యాలు చెప్పుకుంటున్నాము.

ఈ కాలంలో దండెం మేడ దిగి ఇంట్లోకి వస్తుంది. వెనుకటి ఇళ్ళలో మడిబట్ట ఆరేయడానికి పైకప్పు నుంచి తాళ్ళతో వేలాడగట్టిన వెదురు దండెం ఉండేది. ఎవరి చేయీ తగలకుండా కర్రతో ఎత్తి వేసేవారు. నేడు కప్పీల మీద తాళ్ళు లాగితే పైకి లేచే ఆరు గొట్టాల యంత్రం దాని మనుమడు. మడి పోయింది, తడి మిగిలింది. గొట్టాల మీద చోటు చాలక బట్టలు తలుపుల మీదికీ కుర్చీల వీపుల మీదికీ చివరకు పుస్తకాల బీరువా మీదికీ పాకుతాయి. వచ్చిన అతిథి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి కాఫీ తాగి వెళతాడు. రెండో రోజుకు తడిగుడ్డలో మొరాక్సెల్లా అనే సూక్ష్మజీవి వృద్ధి పొంది ముక్కవాసన పుట్టిస్తుంది. ఎండలో గుడ్డ త్వరగా ఆరితే దానికి పెరిగే వీలు తగ్గుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు, ఎండ ఎక్కడ దొరుకుతుందో చెప్పరు.

తుపానుల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. 2016 డిసెంబరు 12న వర్దా వచ్చినప్పుడు మా దండెం ఒక్కటే పోలేదు, గుంజ కూడా దాని వెంట పోయింది. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ మాత్రం బంధుప్రీతి తెలిసిన తుపాను. చెన్నైలో మా బట్టలు తడిపి, మరునాడు తిన్నగా బాపట్ల దగ్గర తీరం దాటి మా అత్తగారి బట్టలు కూడా తడిపింది.

వాన వెలిశాక మార్గళి మంచు, అనగా మన ధనుర్మాసపు మంచు, మొదలవుతుంది. రాత్రి మరిచిపోయిన చొక్కా సాయంత్రం ఉన్నదానికంటె తెల్లవారి ఎక్కువ తడిగా దొరకడం ఆ నెల మహిమ. అది తీరేసరికి భోగి. విమానాశ్రయంలో విమానాలనే ఆలస్యం చేయగలిగిన భోగిపొగ ఒక పంచెను వదిలిపెడుతుందని ఆశించడం అత్యాశ. పాతబట్టలు తగలబెట్టిన పొగవాసన ఉతికిన బట్టలకు పట్టి, అవి కూడా మంటలో వేయవలసినవేమోనన్న అనుమానం కలిగిస్తుంది. ఫిబ్రవరి గురించి చెప్పడానికి ఏమీ లేదు. బట్టలు ఆరతాయి.

దోష పరిహారంగా కరెంటుతో నడిచే డ్రయ్యరు కొనమని మా అబ్బాయి సలహా. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి, అంటే ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులు. సూర్యుడు దీనికి ఇంతవరకు బిల్లు పంపలేదు. రెండు నెలలకు కొన్ని యూనిట్లు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది గాని, అవి నాకు ఫ్యానుకే చాలవు. పైగా గట్టివాన వచ్చిన రోజున ముందుగా ఆరేది దీపం.

రాహుకాలాన్ని ఇంత శ్రద్ధగా పాటించే నగరం మరొకటి ఉండదు. ఊరంతా బట్టలు ఉతుక్కునేది ఆదివారం. ఆ నాటి రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, అనగా మంచు దిగకముందే వాటిని తీయవలసిన వేళ. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, అనగా సరిగ్గా ఆరేయవలసిన వేళ. పెళ్ళిచూపులకు పనికిరాని ఘడియ బనియన్లకు పనికివస్తుందా అన్న ప్రశ్నకు ఏ గ్రంథమూ సమాధానం ఇవ్వకపోవడం వల్ల మా ఆవిడ, నేను వేరువేరు సంప్రదాయాలను అనుసరిస్తున్నాము.

ఈ వివరాలన్నీ వినతిపత్రంగా రాసి ఈసారి ఉగాదినాడు సిద్ధాంతిగారి చేతిలో పెట్టాను. వారు కళ్ళజోడు సవరించుకొని చివరిదాకా చదివి, ఆరో అంగం పట్ల తమకు అభ్యంతరం లేదని, గణితంలోనే ఒక చిక్కు ఉన్నదని సెలవిచ్చారు. నూలు తువ్వాలుకు ఘడియల్లో చెప్పవచ్చును, పంచెకు జాముల్లో చెప్పవచ్చును, జీన్సు ప్యాంటుకు దేనిలో చెప్పాలని అడిగారు. పక్షంలో చెప్పండన్నాను. శుక్లపక్షమా, కృష్ణపక్షమా అన్నారు. మా అబ్బాయి ప్యాంటును గత కార్తికం నుంచి దగ్గరగా పరిశీలిస్తున్నవాడిని గనుక, దానికి అధికమాసం కేటాయించమని మనవి చేసి వచ్చాను.