స్లాబు మీద గుంబజ్

మా వీధి మసీదు పడగొట్టి కొత్తది కట్టాలని జమాతు (మసీదు సంఘం) తీర్మానించింది. కట్టాల్సిందే. శుక్రవారం జుమ్మా నమాజుకు లోపల చోటు చాలక సగం మంది రోడ్డు మీద చాపలు పరుచుకుంటున్నారు. నా గొడవ అది కాదు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎలివేషన్ (ముందువైపు రూపం) బొమ్మ గురించి. నడిమధ్యన బంగారు రంగు ఫైబర్ గుంబజ్ (గుండ్రటి గోపురం), నాలుగు మూలలా దాని పిల్లలు నాలుగు, ముందువైపంతా నీలం అద్దాలు, రాత్రికి పచ్చ లైట్లు. కింద "మాషా అల్లా"ల వరద. "అచ్చం దుబాయ్‌లో ఉన్నట్టుంది" అని ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు. నా బాధ సరిగ్గా అదే చాచా. మనం ఉండేది కడపలో.

గుంబజ్ లేకుండా సాదాగా, మన రాతితో కడదామని నేనంటే వచ్చిన జవాబు: "గుంబజ్ లేకపోతే దాన్ని మసీదని ఎవడంటాడు? ఫంక్షన్ హాలనుకుంటారు." దీనికి గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

మదీనాలో 622లో ప్రవక్త (స) కట్టించిన మసీదుకు గుంబజ్ లేదు, మినార్ లేదు. పచ్చి ఇటుక గోడలు, ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టలు. ప్రవక్త సహచరుడు బిలాల్ (ర) అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చింది పక్కనున్న ఇంటి కప్పు మీద నుంచి. మక్కా వైపు గోడలో లోపలికి గుంటపడినట్టుండే మిహ్రాబ్, మూలల్లో మినార్లు ఆ మసీదుకు వచ్చింది 707-709 మధ్యలో, ఉమయ్యద్ ఖలీఫా వలీద్ దాన్ని తిరగ కట్టించినప్పుడు. మన క్యాలెండర్ల మీద, గోడ గడియారాల మీద కనపడే పచ్చ గుంబజ్ ఉంది కదా, ఆ చోట తొలిసారి గుంబజ్ లేచింది 1279లో, చెక్కతో. దానికి పచ్చ రంగు వేసింది 1837లో. ఆ రంగుకు ఇంకా రెండొందల ఏళ్లు కూడా నిండలేదు. గుంబజ్ హరామని నేననడం లేదు. అది దీన్‌లో (మతంలో) భాగమన్నట్టు మాట్లాడొద్దంటున్నా, అంతే.

ఇళ్లు కట్టించే పనిలో ఉన్నవాడిగా ఇంకో మాట. గుంబజ్ పుట్టింది సోకు కోసం కాదు. రాయి, సున్నం తప్ప ఇంకేమీ లేని రోజుల్లో స్తంభాలు అడ్డం రాకుండా పెద్ద హాలుకు కప్పు వేయాలంటే అదే దారి. బిజాపూర్ గోల్‌గుంబజ్ బయటి కొలతకు 44 మీటర్ల వెడల్పు, కింద ఒక్క స్తంభం లేదు. లోపల నిలబడి తలెత్తితే ఎవరికైనా నోట మాట రాదు. మన బొమ్మలో ఉన్నదేంటి? పిల్లర్లు, బీములు, వాటి మీద స్లాబు. స్లాబు పోయడం అయిపోయాక ఫైబర్ డొప్ప ఒకటి లారీలో తెచ్చి పైన బోల్టులేసి బిగిస్తారు. కింద నమాజు చదివేవాడు తలెత్తితే కనపడేది ఫ్యాన్ కొక్కెం. పెళ్లికొడుక్కి అద్దెకు తెచ్చిన తలపాగా లాంటిది ఆ గుంబజ్, ఫోటోల వరకే. ఎండకు రంగు వెలిసి, బోల్టుల సందుల్లోంచి వాన నీళ్లు కారే రోజు వస్తే మళ్లీ చందాల పుస్తకం తీయాలి.

మినార్‌దీ అదే కథ. మౌజన్ సాబ్ కిందే మైకు ముందు నిలబడి అజాన్ ఇస్తున్నాడు. మినార్ ఎక్కేది హారన్ బిగించే కరెంటు పనివాడు.

ఈ పంచాయితీ మన వీధికి కొత్తగా వచ్చింది కూడా కాదు. తుర్కియే రాజధాని అంకారాలో కొజతెపె మసీదుకు 1957లో పోటీ పెట్టారు. వేదాత్ దాలొకాయ్ అనే ఆర్కిటెక్ట్ పలుచటి కాంక్రీటు పెంకుతో, అప్పటికి ఎవరూ చూడని తీరులో గీసిన డిజైన్ గెలిచింది. పునాదులు కూడా పడ్డాయి. తర్వాత, ఇదేం మసీదు, మన పాత సుల్తానుల తీరులో లేదే అని గోల లేచింది. వేసిన పునాదులు పగలగొట్టారు. నాలుగొందల ఏళ్ల నాటి ఒట్టోమన్ మసీదుల పోలికలో మళ్లీ మొదలుపెట్టి 1987లో తెరిచారు. దాని కిందే పెద్ద సూపర్‌మార్కెట్ కూడా పెట్టారు, అది మాత్రం పాత సుల్తానుల తీరు కాదని ఎవరూ అడగలేదనుకుంటా. దాలొకాయ్ ఊరుకోలేదు. ఇస్లామాబాద్‌లో ఫైసల్ మసీదు కోసం 1969లో జరిగిన పోటీ గెలిచాడు. ఎడారి అరబ్బుల గుడారంలా ఎనిమిది మడతల కాంక్రీటు కప్పు, నాలుగు మూలలా పెన్సిల్ లాంటి మినార్లు, గుంబజ్ లేనే లేదు. 1986లో పూర్తయింది. అక్కడా మొదట్లో సణిగారు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేది ఆ మసీదే.

"మనవాడు కాని ఇంజనీరుతో గీయిస్తావా" అని కూడా ఒకాయన అడిగాడు. జకార్తాలో ఇస్తిక్లాల్ మసీదు, ఆగ్నేయాసియాలోనే అతి పెద్దది, గీసింది ఫ్రెడరిక్ సిలబాన్. ఆయన క్రైస్తవుడు. 1978లో తెరిచారు.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఢాకాలోని బైతుర్రవూఫ్ మసీదు. అది మన వీధిలో పట్టేంత చిన్నది. గీసింది మరీనా తబస్సుమ్, ఒక ఆడమనిషి. స్థలం ఇచ్చింది ఆమె అమ్మమ్మ. 2012లో పూర్తయింది, 2016లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. గుంబజ్ లేదు, మినార్ లేదు. ఇటుక గోడలు, సందులు వదిలి పేర్చిన ఇటుకల్లోంచి గాలి. స్థలం ఖిబ్లాకు, అంటే నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కుకు, వంకరగా ఉంటే, బయట చదరం, దాని లోపల గుండ్రం, ఆ గుండ్రంలో ఖిబ్లా వైపు తిప్పిన ఇంకో చదరం పెట్టి సరిచేసింది. కప్పులో చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు, పగలు వాటిలోంచి వెలుగు చుక్కలుగా నేల మీద పడుతుంది. ఖిబ్లా గోడలో మిహ్రాబ్‌కు బదులు నిలువు చీలిక, అందులోంచీ వెలుగే.

ఇది చూడగానే నాకు మా జేజి ఇంటి గవాచి (వెలుగు కోసం మిద్దె కప్పులో వదిలే రంధ్రం) కళ్ల ముందు మెదిలింది. చవుడు పోసిన మట్టి మిద్దెలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సీమలో చదును కప్పు, పైనుంచి వెలుగు, మందం గోడలు మనకు ఎవరూ నేర్పాల్సిన విద్యలు కావు. ఆ లెక్కన మిద్దె కప్పుతో కట్టిన మసీదే అసలైన రాయలసీమ మసీదు అని నేనంటా.

పాతవాళ్లు బయటినుంచి ఏమీ తెచ్చుకోలేదా అంటే తెచ్చుకున్నారు. ఆదోని జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ బిజాపూర్ సుల్తానుల మనిషి, అక్కడి తీరే ఇక్కడికి తెచ్చాడు. కానీ ఆ బిజాపూర్ గుంబజ్ కూడా దక్కనుదే, తామర రేకుల్లోంచి మొగ్గ లేచినట్టుంటుంది. ఇక గండికోట మసీదుకు పోయి చూడండి. నడుమ ఖాళీ ఆవరణ, చుట్టూ కమానుల వసారా, పక్కనే ధాన్యాగారం. కొండ మీద రాయి కొండ మీదే నిలబడినట్టుంటుంది. సెల్ఫీలు దిగి వచ్చేస్తాం, వసారా నీడలో ఒక గంట కూర్చున్నవాళ్లు ఎంతమంది?

కడప బండ దేశమంతా పోతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తవ్విన నాపరాళ్లు ఎవరెవరి ఇళ్లలోనో నేలలయ్యాయి. మన మసీదుకు మాత్రం నీలం అద్దం కావాలి!

ఎండ సంగతి ఆలోచించారా ఎవరైనా? మన దగ్గర ఖిబ్లా గోడంటే పడమటి గోడ. మే నెలలో సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఎండంతా ఆ గోడ మీదే. పలుచటి ఇటుక గోడ కడితే ఇమాం సాబ్ వెనక మొదటి సఫ్ (వరుస) పొయ్యి ముందు నిలబడినట్టే. పగలంతా కాగిన స్లాబు వేడి దిగేది రాత్రికి, సరిగ్గా రంజాన్ రాత్రుల్లో తరావీహ్ నమాజు చదివే టైముకు. 2017, 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది, గుర్తుంది కదా? ఏసీలు పెడతామంటున్నారు. నెలనెలా ఆ కరెంటు బిల్లు కట్టేది జమాతే. పడమటి గోడను రాతితో మందంగా లేపండి, స్లాబు మీద తెల్ల పెంకులు పరచండి, తూర్పున అద్దాలకు బదులు లోతైన వసారా పెట్టండి. పిల్లర్లు, స్లాబు వద్దని నేననను, అంత పిచ్చివాణ్ణి కాదు.

ఇంకోటి. ఇక్కడి నుంచి మక్కా నేరుగా పడమర కాదు, పదహారు డిగ్రీల దాకా ఉత్తరానికి జరుగుతుంది. మన స్థలం వీధి గీతకు ఉంది. హాలు వీధికి తిన్నగా కట్టి లోపల సఫ్‌లు అడ్డదిడ్డంగా వేస్తే మూలల్లో చోటు వృథా, పిల్లర్లు సఫ్‌ల మధ్యకొస్తాయి. హాలు పొడుగ్గా కాకుండా అడ్డంగా వెడల్పుగా ఉంటే మొదటి సఫ్‌లో ఎక్కువ మంది నిలబడొచ్చు. ఈ లెక్కలు ఆ బొమ్మ గీసినాయన వేసినట్టు నాకు కనపడలేదు. ఆయనకు ముందు వైపు తప్ప ఇంకేం అడగలేదు మరి మనం.

ఆడవాళ్లకు చోటు ఎక్కడ అంటే, మెట్ల కింద గది చూపించారు. దాని గురించి నేను రాయను, మా ఇంట్లోవాళ్లు కామెంట్లలో రాస్తారు.

చివరగా వజూ నీళ్లు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కునే నీళ్లు. ఐదు పూటలా కొళాయిల కింద పోయే నీళ్లు నేరుగా మురిక్కాలువలోకి పోతాయని ప్లానులో ఉంది. ఎండాకాలం ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడే వీధి మనది. వజూ నీళ్లలో సబ్బు ఉండదు, మామూలు నీళ్లే. ఒక ఇసుక తొట్టి, ఒక ఇంకుడు గుంత, ఆవరణలో రెండు వేప చెట్లు. గుంబజ్ కొటేషన్‌లోంచి చిల్లర తీసినా సరిపోతుంది. వచ్చే జుమ్మా తర్వాత కమిటీ మళ్లీ కూర్చుంటోంది, కొలతలతో గీసిన కాగితం నేను తెస్తున్నా. ఒప్పుకోనివాళ్లు కూడా రండి, కాగితం చూసి తిట్టండి.